చిప్ప తిప్పితే తెలుస్తుంది

రీఫ్ ఆక్వేరియం, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, ఉన్నవాళ్ళలో చాలామంది రెండు చిప్పల సముద్రజీవి అయిన జెయింట్ క్లామ్‌ను రంగు చూసే కొంటారు. నీలం మీద నల్ల చుక్కలు, ఆకుపచ్చ మీద బంగారు గీతలు, ఊదా అంచు. పైనుంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. జాతి పేరు కూడా ఆ రంగును బట్టే పెట్టేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ జీవుల విషయంలో రంగు చెప్పే సాక్ష్యాన్ని అస్సలు నమ్మలేం.

రెండు చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకునే మెత్తటి కండను మాంటిల్ అంటారు. అందులో సూక్ష్మ శైవలాలు లెక్కలేనన్ని కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా క్లామ్‌కే వెళ్తుంది. శైవలాల రంగు గోధుమ. నీలం, ఆకుపచ్చ మెరుపులన్నీ ఇరిడోసైట్లు అనే కణాల పని. వాటిలో పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. సబ్బుబుడగ మీద రంగులు ఆడినట్టే ఇక్కడా ఆడతాయి. శైవలాలకు పనికొచ్చే కాంతిని లోపలికి చెదరగొట్టి, అంతగా అక్కర్లేనిదాన్ని ఆ కణాలు వెనక్కి పంపేస్తాయి. అలా తిరిగొచ్చిన కాంతిని చూసే మనం మురిసిపోయి డబ్బులు కడతాం. ఒకే విడతలో పుట్టిన పిల్లల్లోనే ఒకటి నీలంగా, పక్కది మట్టిరంగులో ఉండొచ్చు.

కాబట్టి చూడాల్సింది చిప్పను, అదీ అడుగు వైపు. రెండు చిప్పలూ కలిసే కీలు పక్కన ఒక సందు ఉంటుంది. క్లామ్ రాయిని పట్టుకోవడానికి బైసస్ అనే గట్టి దారాలను బయటికి పంపేది ఆ సందులోంచే. అది ఎంత వెడల్పుగా ఉందన్నదాన్ని బట్టి ఆ జీవి బతుకు తీరు చెప్పేయొచ్చు.

జెయింట్ క్లామ్ జాతుల్లో అందరూ తికమకపడే జంట మాక్సిమా, క్రోసియా. చిన్న వయసులో పైనుంచి చూస్తే రెండూ కవలలే. తిప్పి చూస్తే క్రోసియా అడుగున సందు ఆ చిప్ప పరిమాణానికి పొంతన లేనంత పెద్దగా ఉంటుంది. క్రోసియా పగడపు రాతిలోకి తొలుచుకుని, మెడదాకా కూరుకుపోయి, జీవితమంతా అక్కడే ఉండిపోయే రకం. అడుగు భాగంలోని కండ ఆమ్లాన్ని వదిలి రాతిని కరిగిస్తుంది. ఆ గుంతలో రాసుకుని రాసుకుని చిప్ప మీది పొలుసులు అరిగిపోతాయి, పై అంచు దగ్గర మాత్రం కొన్ని మిగులుతాయి. మాక్సిమాకూ రాతిని పట్టుకునే అలవాటు ఉంది కానీ అంత లోతుగా దిగదు. దాని సందు మధ్యరకం, పొలుసులు దగ్గరదగ్గరగా వరుసలు కట్టి ఉంటాయి. చిప్ప కీలుకు ఒక పక్క పొడవుగా సాగి, రెండో పక్క పొట్టిగా ఉంటుంది. క్రోసియా 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మాక్సిమా దానికి రెట్టింపు పెరుగుతుంది. లాటిన్‌లో మాక్సిమా అంటే ‘అతి పెద్దది’ అని అర్థం, అది వేరే సంగతి! నిజంగా అతి పెద్దది గిగాస్. మీటరుకు పైగా పొడవు, 200 కిలోలకు పైగా బరువు.

స్క్వామోసా అంటే ‘పొలుసులది’. ఆ పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. పొలుసులు పెద్దవి, ఎడంఎడంగా, పూలరేకుల్లా లేచి ఉంటాయి. చిప్ప రెండు పక్కలా దాదాపు సమానం, సందు చిన్నది. ఒక జాగ్రత్త: సముద్రంలో పెరిగినవాటికి పొలుసులు విరిగిపోయి ఉండొచ్చు, అందుకే పొలుసులు లేవని జాతిని కొట్టేయకూడదు. డెరాసా చిప్ప నున్నగా ఉంటుంది. పెద్దయ్యాక దానికి రాతితో పని ఉండదు, బరువు మీదే నిలబడుతుంది, సందు దాదాపు మూసుకుపోతుంది. పిల్ల డెరాసా, పిల్ల గిగాస్ పక్కపక్కన ఉంటే నీరు లోపలికి పీల్చే రంధ్రం చూడండి. డెరాసాకు దాని చుట్టూ చిన్న మీసాల్లాంటివి ఉంటాయి, గిగాస్‌కు ఉండవు. ఈ ఒక్క గుర్తు పొరబడితే ఇంట్లో తొట్టిలో పట్టనంత పెరిగే జీవిని తెచ్చుకున్నట్టే.

పేరు తెలిస్తే చోటు తెలుస్తుంది. క్రోసియా, మాక్సిమాలకు గట్టి వెలుతురు, పట్టుకోవడానికి రాయి కావాలి. డెరాసా, స్క్వామోసా కొంచెం తక్కువ వెలుతురుతోనూ సర్దుకుంటాయి, ఇసుక మీద కూర్చోబెట్టొచ్చు. కాగితాల టెన్షన్ కూడా ఉంది. జెయింట్ క్లామ్‌లన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశం దాటించే పర్మిట్ మీద జాతి పేరు రాస్తారు.

తిప్పి చూడటం మాత్రం రాతికి అతుక్కోకముందే. అతుక్కున్నదాన్ని లాగితే దారాలతోపాటు వాటిని పుట్టించే గ్రంథి కూడా చిరిగి క్లామ్ చచ్చిపోవచ్చు. అప్పటికే అతుక్కుంటే చూడ్డానికి మిగిలేది పై భాగమే.

అక్కడా ఒక మంచి గుర్తు ఉంది. మాక్సిమాగా చలామణీ అయినవాటిలో కొన్ని నిజానికి నోయే అనే వేరే జాతివని 2014లో జన్యువులు, శరీర నిర్మాణం రెండూ పరిశీలించి తేల్చారు. 1798లోనే పెట్టిన ఆ పేరు అన్నేళ్ళకు మళ్ళీ నిలబడింది. నోయే మాంటిల్ అంచు వెంట తెల్లగీత చుట్టిన కన్నీటిబొట్టు మచ్చలుంటాయి. ఇంకా దగ్గరికి వెళ్తే అంచున సూదిమొనంత నల్లటి కళ్ళు కనిపిస్తాయి. మాక్సిమాకు అవి వరుసగా కిక్కిరిసి ఉంటాయి, నోయేకు పలచగా. చూడబోతే మీ తల నీడ పడి క్లామ్ చటుక్కున ముడుచుకుంటుంది, ఆ కళ్ళు ఉన్నది నీడను పసిగట్టడానికే మరి. కాస్త పక్కకు జరిగి ఆగండి. మళ్ళీ నెమ్మదిగా పరుచుకున్నాక, వెలుతురుకు అడ్డం రాకుండా పక్కనుంచి చూడండి.