డీప్ లెర్నింగ్ సబ్జెక్ట్ అనగానే ల్యాప్‌టాప్ షాపుకి పరిగెత్తేవాళ్ల కోసం

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే నా ఫోన్‌కి రెస్ట్ ఉండదు. హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏడేళ్లుగా డీప్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటర్ తనే నేర్చుకునే పద్ధతి) చెప్తున్నా, చుట్టాల దగ్గరా చుట్టాల చుట్టాల దగ్గరా నా నంబర్ తిరుగుతూనే ఉంటుంది. మొన్న సూర్యాపేట నుంచి ఒకాయన చేశాడు. "మేడమ్, బాబుకి సీఎస్‌ఈ ఏఐ ఎంఎల్‌లో సీటొచ్చింది, గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ లేకపోతే డీప్ లెర్నింగ్ అసలు రాదంట కదా, లక్షా ఇరవై వేలంట, ఈఎంఐలో తీసుకోమంటారా?" ఎవరు చెప్పారండీ అంటే "బాబే చెప్పాడు, సీనియర్లు అన్నారంట."

ఈ సీనియర్లు ఎవరో ఒక్కసారి నాకు దొరికితే బావుండు.

అపోహ: జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ల్యాప్‌టాప్ లేకపోతే ఈ కోర్స్ చెయ్యలేం

ముందు క్యాలెండర్ చూడండి. మన దగ్గర ఈ సబ్జెక్ట్ వచ్చేది మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో. ఇప్పుడు కొన్న ల్యాప్‌టాప్ అప్పటికి బ్యాటరీ పోయి, కీలు లూజై, ఫ్యాన్ మిక్సీలా మోగుతూ ఉంటుంది. ఈఎంఐ మాత్రం అయిపోయి ఉంటుందిలెండి.

సరే, సబ్జెక్ట్ వచ్చేసింది అనుకుందాం. మొదటి ల్యాబ్ ఎక్కడైనా దాదాపు ఒకటే, ఎమ్‌నిస్ట్, చేత్తో రాసిన అంకెలు, 28×28 బొమ్మలు, ట్రైనింగ్‌కి 60,000 టెస్ట్‌కి 10,000. మేం కట్టించే నెట్‌వర్క్ 784 ఇన్‌పుట్లు, మధ్యలో 128 న్యూరాన్లు, చివర 10. పారామీటర్లు, అంటే ట్రైనింగ్‌లో సర్దుకునే నంబర్లు, లెక్కేస్తే 1,01,770. ఒక్కోటి 4 బైట్లు, అంటే మొత్తం మోడల్ నాలుగొందల కేబీ, మీ ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో అంత. దీనికి గ్రాఫిక్స్ కార్డా? మా ల్యాబ్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద టీ తాగొచ్చేలోపు ట్రైనింగ్ అయిపోతుంది.

తర్వాత సీఎన్‌ఎన్‌లు (బొమ్మల కోసం వాడే పెద్ద నెట్‌వర్క్‌లు) వస్తాయి, అప్పుడు జీపీయూ కావాలి నిజమే, దానికి గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ రన్ చేసుకునే సైట్) ఫ్రీగా వచ్చే టీ4 కార్డు 16 జీబీది, మీరు అప్పు చేసి కొనబోయే ల్యాప్‌టాప్‌లో ఆర్టీఎక్స్ 4060 ఉంటే అది 8 జీబీ. స్పీడ్‌లో ల్యాప్‌టాపే గెలవచ్చు, కానీ స్టూడెంట్లు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేది స్పీడ్ గురించి కాదు, మెమరీ చాల్లేదన్న ఎర్రర్ గురించి. ఫ్రీది కాబట్టి ఎప్పుడూ దొరుకుతుందని గ్యారంటీ లేదు, కాసేపు వదిలేస్తే కనెక్షన్ పోతుంది, అందుకే ప్రతి ఎపాక్‌కీ (డేటా మొత్తం మీద ఒక రౌండ్) చెక్‌పాయింట్, అంటే అప్పటిదాకా నేర్చుకున్న మోడల్ కాపీ, డ్రైవ్‌లో పడేలా రాసుకోండి. అలాంటిదే ఇంకో సైట్ కాగుల్‌లో ఫోన్ నంబర్ వెరిఫై చేస్తే వారానికి 30 గంటల దాకా జీపీయూ ఇస్తున్నారు. సెమిస్టర్ వర్క్‌కి ఇది ధారాళం. ఇంకోటి, ఈ హడావుడి మొత్తానికి కారణమైన అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్‌ని 2012లో ట్రైన్ చేసింది 3 జీబీ కార్డులు రెండింటి మీద, ఐదారు రోజులు పట్టింది.

డబ్బు పోవడం ఒక ఎత్తు. నాకు అసలు మండేది ఇంకో చోట. ఖరీదైన మెషీన్ ఉన్న పిల్లలకి ఏ తేడా వచ్చినా తప్పు మెషీన్‌దే అనిపిస్తుంది.

పోయినేడు ఒకబ్బాయి, మంచి పిల్లాడే, రాత్రి పదకొండింటికి మెసేజ్. "మేడమ్, యాక్యురసీ 97 వస్తోంది గానీ లాస్ 1.48 కిందకి దిగట్లేదు, నిన్నటి నుంచీ రన్ చేస్తున్నా, వంద ఎపాక్‌లు అయ్యాయి, నా కార్డ్ సరిపోవట్లేదేమో, డాడీని అడిగి ఇంకా పెద్దది తీసుకుందామా?" ఎమ్‌నిస్ట్‌కి! (లాస్ అంటే మోడల్ ఎంత తప్పుతోందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ మంచిది.) కోడ్ పంపమన్నా. అనుకున్నదే, చివరి లేయర్లో సాఫ్ట్‌మ్యాక్స్ (స్కోర్లని ప్రాబబిలిటీలుగా మార్చేది) పెట్టి దాన్ని తీసుకెళ్లి పైటార్చ్ లైబ్రరీలో లాస్ లెక్కేసే క్రాస్ ఎంట్రోపీ ఫంక్షన్‌కి ఇచ్చాడు, ఆ ఫంక్షన్ లోపల సాఫ్ట్‌మ్యాక్స్ ఆల్రెడీ ఉంటుంది, అంటే రెండుసార్లు పడింది.

మర్నాడు పొద్దున కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ మూసెయ్, రఫ్ నోట్‌బుక్ తియ్ అన్నా. మోడల్ సూపర్‌గా నేర్చుకుంది అనుకో, కరెక్ట్ అంకెకి 1, మిగతా తొమ్మిదింటికీ 0 ఇచ్చింది. ఇంతకంటే గొప్పగా ఇవ్వలేదు కదా. ఇప్పుడు దాని మీద మళ్లీ సాఫ్ట్‌మ్యాక్స్ వెయ్యి. పైన e పవర్ 1, అంటే 2.718. కింద 2.718 ప్లస్ తొమ్మిది ఒకట్లు (e పవర్ 0 అంటే 1 కదా), 11.718. భాగిస్తే 0.232. దాని లాగ్ తీసి గుర్తు మార్చు. వాడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ నొక్కి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. 1.46. ఆ కోడ్‌తో లాస్ అంతకంటే కిందకి దిగడం ఎన్ని లక్షల కార్డుకైనా కుదరదు. రెండ్రోజులు మెషీన్‌ని తిట్టుకున్నాడు పాపం, తీసెయ్యాల్సింది ఒక్క లైను.

ఈ ఫీల్డ్‌లో ఉన్న గొడవే ఇది. జావాలో సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ మొహం మీదే చెప్తుంది. ఇక్కడ జీరో గ్రాడ్ (పాత స్టెప్ లెక్కలు చెరిపే లైను) మర్చిపోయినా, టెస్ట్ చేసేటప్పుడు ఎవాల్ మోడ్ పెట్టకపోయినా ఒక్క ఎర్రర్ రాదు, రన్ అవుతుంది, నంబర్లొస్తాయి, కాస్త చెత్తగా వస్తాయి అంతే. ఎర్రర్ లేదు కాబట్టి కోడ్ కరెక్టే అనుకుని డెడ్‌లైన్ ముందు రోజు రాత్రి మొదలుపెట్టేవాళ్లే నా సబ్జెక్ట్‌లో ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది. ట్రైనింగ్ మొదలెట్టగానే మొట్టమొదటి లాస్ చూడండి చాలు, పది క్లాసులైతే 2.3 దగ్గర ఉండాలి, ఎందుకంటే ఏమీ తెలియని మోడల్ పదింటికీ సమానంగా పంచుతుంది, 10కి నేచురల్ లాగ్ 2.303. అక్కడ 2.3 బదులు 9 కనిపిస్తే ఆపెయ్యండి, ఎక్కడో తన్నింది.

"మ్యాథ్స్ వీక్ మేడమ్, నా వల్ల అవుతుందా?"

ఇలా అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు, జాలేస్తుంది, ఎందుకంటే భయపెట్టింది మేమే. మొదటి క్లాసులోనే బోర్డు నిండా సింబల్స్ నింపేస్తాం. కావాల్సింది మ్యాట్రిక్స్ గుణకారం, డెరివేటివ్, చైన్ రూల్, లాగ్, కాస్త ప్రాబబిలిటీ. ఎంపీసీ చదివినవాళ్లందరూ ఒకసారి దాటొచ్చినవే. నా క్లాసులో ఒకమ్మాయి తెలుగు మీడియం నుంచి వచ్చింది, నెలరోజులు నోరు విప్పలేదు. పార్షియల్ డెరివేటివ్ అంటే తెల్లమొహం వేసింది. పాక్షిక అవకలనం అమ్మా, మిగతావి స్థిరాలనుకుని ఒక్కదానికే అవకలనం చెయ్యి అన్నా. లేచొచ్చి బోర్డు మీద రెండు నిమిషాల్లో చేసేసింది.

ఆ రోజు ఇచ్చిన లెక్క ఇదే, మీరూ చెయ్యండి. వెయిట్ (మోడల్ సర్దుకోవాల్సిన నంబర్) 0.5, ఇన్‌పుట్ 2, రావాల్సింది 3. గుణిస్తే 1 వచ్చింది, 2 తక్కువ, స్క్వేర్ చేస్తే లాస్ 4. లాస్‌ని వెయిట్‌తో అవకలనం చేస్తే వచ్చే గ్రేడియంట్ మైనస్ 8. లెర్నింగ్ రేట్ (గ్రేడియంట్‌లో ఎంత వంతు వెయిట్‌లోంచి తీసెయ్యాలో) 0.1 పెడితే వెయిట్ 1.3 అవుతుంది, అవుట్‌పుట్ 2.6, లాస్ 0.16. ఒక్క స్టెప్‌లో 4 నుంచి 0.16కి! అదే లెర్నింగ్ రేట్ 0.5 పెట్టండి, వెయిట్ 4.5, అవుట్‌పుట్ 9, లాస్ 36. బ్యాక్‌ప్రాప్ అంటే ఇదే పనిని లేయర్ తర్వాత లేయర్ వెనక్కి చేసుకుంటూ పోవడం. దీన్ని చేత్తో రెండు లేయర్లకి చేసినవాళ్లు మిడ్ ఎగ్జామ్‌లో ఫెయిలవ్వడం నేను చూళ్లేదు. వీడియోలు మాత్రమే చూసినవాళ్లని బోలెడంతమందిని చూశా.

మిగతావి గబగబా

లేయర్లు ఎక్కువైతే మోడల్ బావుంటుంది: కాదు. 2015లో రెస్‌నెట్ అనే నెట్‌వర్క్ పేపర్‌లోనే చూపించారు, మామూలుగా పేర్చుకుంటూ పోతే 56 లేయర్లది 20 లేయర్ల దానికంటే అధ్వానంగా వచ్చింది, అదీ ట్రైనింగ్ డేటా మీదే.

సెమిస్టర్ చివరికి మేమే చాట్‌జీపీటీ కడతాం: కట్టరు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ (చాట్‌జీపీటీ లోపలుండే రకం నెట్‌వర్క్) కడతారు, అది అక్షరాలు అక్షరాలుగా ఏదో గొణుగుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది.

అసైన్‌మెంట్ చాట్‌జీపీటీ రాసేస్తుంది: రాస్తుంది. వైవాలో కూర్చునేది మీరు.

యాక్యురసీ 99 వచ్చింది, ప్రాజెక్ట్ అయిపోయింది: ఇది కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే నేనే బలయ్యా. ఎంటెక్‌లో అందరిలాగే ప్లాంట్‌విలేజ్ ఆకు తెగుళ్ల డేటాసెట్ తీసుకున్నా, 54 వేల పైచిలుకు ఫోటోలు, అన్నీ ఒక్కో ఆకు తెంపి ప్లెయిన్ బ్యాక్‌గ్రౌండ్ మీద తీసినవి. నాకూ 99 దాటింది, స్వీట్లు కూడా పంచా. మదనపల్లె దగ్గర మా పెద్దమ్మ వాళ్లకి టమాటా తోట ఉంటే ఫోటోలు పంపమన్నా, మట్టీ, చెయ్యీ, పక్క ఆకులూ అన్నీ పడ్డాయి. మోడల్ చక్కటి ఆకుని కూడా లేట్ బ్లైట్ తెగులు అనేసింది, అదీ మహా కాన్ఫిడెన్స్‌తో. మా పెద్దమ్మ అడిగింది, "మందు కొట్టమంటావా ఏంటే?" వద్దు పెద్దమ్మా అని ఫోన్ పెట్టేశా. తర్వాత చదివితే 2016లో అదే డేటాతో 99.35 శాతం తెచ్చిన పేపర్‌లోనే, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోల మీద 31 శాతానికి పడిపోయిందని రాసి ఉంది. ముందే చదివుంటే స్వీట్ల డబ్బులు మిగిలేవి.

కోర్స్ అవ్వగానే జాబ్ వస్తుందా అంటే, ఇంటర్వ్యూలో పైన చెప్పిన 1.46 లాంటివే అడుగుతారని మా పాత స్టూడెంట్లు చెప్తుంటారు, నాకు తెలిసింది అంతే.

సూర్యాపేట ఆయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. నలభై వేల లోపుది మామూలు ల్యాప్‌టాప్ తీసుకున్నాడంట, మిగిలిన దాంట్లోంచి బోరు మోటార్ బాగు చేయించాడంట. బాబు ఎలా ఉన్నాడండీ అంటే "మీ మీద కోపంగా ఉన్నాడు మేడమ్, గేములు సరిగ్గా ఆడట్లేదంట అది" అన్నాడు.