షట్ డౌన్ ఎక్కడికి పోయింది?

చిట్టితల్లికీ తమ్ముడికీ,

"మా బడి ల్యాబులో మూలనున్న కంప్యూటర్‌లో షట్ డౌన్ కనబడదు, సైన్ అవుట్ ఒక్కటే ఉంటుంది. పాడైందా తాతయ్యా?" అని రాశావు. పాడవలేదమ్మా, కావాలనే తీసేశారు. ప్రింటరూ, అందరూ ఫైళ్ళు దాచుకునే ఫోల్డరూ దాని మీదే ఉన్నాయని నువ్వే అన్నావుగా. దాన్ని ఆపితే పక్క బల్లల వాళ్ళ పనీ ఆగుతుంది.

చెరువు కింద పొలమున్న రైతు తన మడికి నీళ్ళు కట్టుకోవచ్చు, చాలనుకుంటే మడవ మూసుకోవచ్చు. తూము మీద మాత్రం చెయ్యి వేయకూడదు. అది చెరువు నీళ్ళు వంతులవారీగా వదిలే నీరటి పని. మా చిన్నతనంలో నీరటికి జీతం ఉండేది కాదు, కోతలయ్యాక రైతులు కళ్ళంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారు. అందరి ధాన్యం తినేవాడు గనక ఒక్కడి మాట విని తూము దించకూడదు. సైన్ అవుట్ అంటే నీ మడవ మూసుకోవడం. షట్ డౌన్ అంటే తూము మూసేయడం.

కొందరు తూముకు కంప అడ్డం వేసి ఊరుకుంటారు. విండోస్‌లో ఎవరు ఏం చేయొచ్చో నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో, యూజర్ కాన్ఫిగరేషన్ కింద, స్టార్ట్ మెనూ అమరికల్లో షట్ డౌన్, రీస్టార్ట్‌లను మాయం చేసే వీలుంది. మెనూలో మాట పోతుంది, హక్కు పోదు. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో షట్‌డౌన్ ఆదేశం కొట్టే గడుగ్గాయిని అది ఆపలేదు.

హక్కే తీసేయాలి. అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే యంత్రం మీద పూర్తి అధికారమున్న ఖాతాతో, లోకల్ సెక్యూరిటీ పాలసీ అనే కిటికీ తెరిచి, లోకల్ పాలసీస్‌లో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌కి వెళ్ళి, 'షట్ డౌన్ ది సిస్టమ్' మీద రెండుసార్లు నొక్కాలి. మామూలుగా అక్కడ అడ్మినిస్ట్రేటర్స్, బ్యాకప్ ఆపరేటర్స్, యూజర్స్ అని 3 గుంపులుంటాయి. యూజర్స్‌ని తీసేసి, అడ్మినిస్ట్రేటర్స్‌ని ముట్టుకోకుండా వదిలేయాలి. రీస్టార్ట్‌కీ ఇదే హక్కు కావాలి కాబట్టి అదీ ఆగుతుంది. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ళకి మాత్రం పాత హక్కే నడుస్తుంది. వాళ్ళు సైన్ అవుట్ అయి మళ్ళీ రావాలి. ఇది తెలియక, పని చేయలేదనుకుని మిగతావన్నీ కెలికేస్తారు. విండోస్ హోమ్‌లో ఈ పాలసీ కిటికీ రాదు, ప్రో, ఎడ్యుకేషన్ రకాల్లో ఉంటుంది. ఇక పిల్లల ఖాతాలే అడ్మినిస్ట్రేటర్లైతే ఊరంతా నీరటులే, ఎన్ని తాళాలు వేసినా దండగ!

లాగిన్ తెర మీదా ఒక పవర్ గుర్తు ఉంటుంది. అది పోవాలంటే పక్కనే సెక్యూరిటీ ఆప్షన్స్‌లో, లాగిన్ కాకుండా షట్ డౌన్‌కి అనుమతించే అమరికను డిసేబుల్ చేయాలి. పెట్టె మీది బటన్‌కి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో 'డూ నథింగ్' పెట్టాలి. అయినా దాన్ని కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే యంత్రం ఆగిపోతుంది. ఆ పని హార్డ్‌వేర్‌ది, విండోస్‌ని అడగదు. ప్లగ్గు పీకడమైతే చెరువు కట్ట తెంచడమే. దానికి పాలసీ లేదు, పెట్టెనూ ప్లగ్గునూ గాలాడే తాళం అల్మరాలో పెట్టుకోవాల్సిందే.

విండోస్‌కి బదులు వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. మామూలుగా, యంత్రం ముందు నువ్వొక్కదానివే లాగిన్ అయి ఉంటే ఆపనిస్తుంది. ఇంకొకరు కూడా లాగిన్ అయి ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చెరువు కింద ఇంకెవరి మడి పారుతోందో చూశాకే తూము దించమంటుందన్నమాట.

రేపు టీచర్‌ని అడిగి, నీ లాగిన్‌తోనే కమాండ్ ప్రాంప్ట్ తెరువు. 'హూ యామ్ ఐ' మాటలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి 'ప్రివ్' అని ఇంగ్లీషులో కొట్టు (whoami /priv). ఒక పట్టిక వస్తుంది. అందులో 'ఎస్ఈ షట్‌డౌన్ ప్రివిలేజ్' వరస వెతుకు. దాని పక్కన 'డిసేబుల్డ్' అని ఉంటే మోసపోకు, హక్కు నీ దగ్గరుంది, ఈ క్షణాన వాడడం లేదంతే. ఆ వరసే లేకపోతే నిజంగా తీసేశారన్నమాట. ఇంట్లో మీ నాన్న కంప్యూటర్‌లోనూ చూసి, రెంటిలో ఏముందో నాకు రాయి.

తాతయ్య