టీబీ మందు ఉచితమే, మరి కూలి?

విశాఖలో టీబీ రోగుల ఇళ్ళకు తిరగడం నా ఉద్యోగం. ఆసుపత్రి వరండాలోనూ పెళ్ళి భోజనాల దగ్గరా నాకు ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: మందులు ఫ్రీగా ఇస్తున్నా వేసుకోకపోతే అది వాళ్ళ నిర్లక్ష్యమే.

వాస్తవం: కొన్నాళ్ళు నేనూ ఇలాగే అనుకున్నాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు మీద పనిచేసే ఒకాయన రెండో నెలలోనే మందు మానేశాడని తెలిసి కోపంగా ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ మాత్రల అట్ట తెచ్చి చేతిలో పెట్టింది. వరసగా కొన్ని ఖాళీలు, మళ్ళీ నాలుగు మాత్రలు అలాగే ఉన్నాయి. "ఖాళీ కడుపుతో ఏసుకుంటే వాంతి అయిపోతంది బాబూ. ఏదో ఒకటి తిన్న రోజే ఏసుకుంటన్నాడు" అంది. అది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే, ఆయనకు కూలీ లేదు.

టీబీ రోగికి తిండి ఖర్చుకని ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. మంచిదే. కానీ ఐదుగురున్న ఇంట్లో ఆ వెయ్యి ఆయన ఒక్కడి కంచంలోకే వెళుతుందా? జార్ఖండ్‌లో రోగితోపాటు ఇంట్లోవాళ్ళకు కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. అలా ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఇది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు పొయ్యి వైపు చూస్తాను, తర్వాతే మాత్రల అట్ట.

అపోహ: గుండెజబ్బు పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్ళ టెన్షన్ జబ్బు.

వాస్తవం: 1967లో మొదలుపెట్టి లండన్ ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించారు. గుండెజబ్బు చావులు పై అధికారుల కన్నా అట్టడుగు ఉద్యోగుల్లో మూడు రెట్లు. వాళ్ళెవరూ కటిక పేదలు కారు, వైద్యం అందరికీ ఉచితమే. సిగరెట్లు, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బీపీ కన్నా సెక్రటరీ గారి బీపీ గురించే అందరికీ బెంగ, అది వేరే సంగతి.

అపోహ: టీబీ బస్తీ జబ్బు, మనకెందుకొస్తుంది?

వాస్తవం: గాలికి బస్తీ ఏమిటి, కాలనీ ఏమిటి? గాజువాక షేర్ ఆటోలో అందరం పీల్చేది ఒకటే గాలి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు. కఫం పట్టే డబ్బా ఇస్తే పక్కింటివాళ్ళు చూస్తారేమోనని బ్యాగులో దాచుకునేది, నేను చూసినంతలో, ఎక్కువగా కాలనీలవాళ్ళే.