ముందొచ్చిన ప్రతి పీకూ మలినం కాదు: ఆర్గానిక్ ఆమ్లాల పరీక్షలో అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఫార్మసీ చదివి క్యూసీలోకి (మందుల నాణ్యత పరీక్షించే విభాగంలోకి) వచ్చే పిల్లల నోట తరచూ వినే మాటలివి. కొన్ని సీనియర్ల నోట కూడా వింటుంటాను.

అపోహ: జలుబు మాత్ర క్రొమటోగ్రామ్‌లో (పదార్థాలు విడివిడిగా బయటికొచ్చే తీరు చూపే గ్రాఫ్‌లో) మందు కంటే ముందే పెద్ద పీక్ (శిఖరం) వచ్చింది. అది మలినమే.

వాస్తవం: లేబుల్ మీద పేరు పూర్తిగా చదవండి: క్లోర్‌ఫెనిరమిన్ మాలియేట్. మందు క్షారం, దాంతో కలిసి లవణంగా మారింది మాలియిక్ ఆమ్లం. నీళ్లంటే ఇష్టపడే చిన్న అణువు కాబట్టి సీ18 కాలమ్‌లో (నూనె స్వభావమున్న పూత వేసిన పొడి నింపిన గొట్టంలో) ఎక్కువసేపు నిలవదు. పైగా దానిలోని ద్విబంధం అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది, అందుకే పీక్ అంత ఎత్తు. మాలియిక్ స్టాండర్డ్ (పోల్చడానికి వాడే శుద్ధమైన నమూనా) విడిగా ఇంజెక్ట్ చేసి రిటెన్షన్ టైమ్ (పీక్ బయటికొచ్చే సమయం) సరిచూసుకోండి. సరిపోతే మలినాల మొత్తంలో కలపొద్దు. అలాగని ముందొచ్చినవన్నీ మాలియేట్ ఖాతాలో వేసినా తప్పే. ప్లాసిబో (మందు లేని మాత్ర మిశ్రమం) కూడా ఒకసారి నడపండి.

అపోహ: 254 నానోమీటర్ల దగ్గర పీక్ లేదంటే ఆమ్లం లేనట్టే.

వాస్తవం: సిట్రిక్, లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలు అక్కడ దాదాపు కనిపించవు. 210కి దిగాలి. అక్కడ మిగతావన్నీ కూడా కనిపిస్తాయి, అదే తంటా.

అపోహ: మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పంపే ద్రవం) మొత్తం నీళ్లే అయినా మామూలు సీ18 కాలమ్‌కు ఏమీ కాదు.

వాస్తవం: ఆమ్లాలు కాస్తయినా నిలవాలంటే పీహెచ్ 2.5 దగ్గర, సేంద్రియ ద్రావణి దాదాపు లేకుండా నడపాల్సి వస్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. కరెంటు పోయి ఒత్తిడి పడిపోయిందా, కాలమ్ రంధ్రాల్లోంచి నీరు బయటికి వచ్చేస్తుంది. మళ్లీ మొదలుపెడితే పీకులన్నీ ముందుకు జరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. మా వైపు వేసవిలో ఇది కొత్తేమీ కాదు. కాలమ్ చెడిపోయిందని పారేయొద్దు. మెథనాల్, నీళ్లు సగం సగం కలిపి కాసేపు పంపితే కోలుకుంటుంది. తొందరపడి నేరుగా అసిటోనైట్రైల్ ఎక్కిస్తే మాత్రం మొబైల్ ఫేజ్‌లో పీహెచ్ కోసం కలిపిన ఫాస్ఫేట్ లోపలే ఉప్పుగా పేరుకుంటుంది. పూర్తి నీళ్లకు తట్టుకునే కాలమ్‌లు దొరుకుతాయి, డబ్బు అక్కడ పెట్టడమే మేలు.

అపోహ: హెచ్‌పీఎల్‌సీ (పైన చెప్పిన కాలమ్ పరీక్ష) ఉండగా టైట్రేషన్ (బ్యూరెట్‌తో చుక్కచుక్కగా కలిపి కొలిచే పాత పద్ధతి) ఎందుకు?

వాస్తవం: ముడిసరుకుగా వచ్చిన సిట్రిక్ ఆమ్లం గాఢతకు బ్యూరెట్టే నమ్మకం. సిట్రిక్, టార్టారిక్ రెండూ కలిసిన ఎఫర్‌వెసెంట్ (నీళ్లలో వేస్తే పొంగే) మాత్రలో ఏది ఎంతో చెప్పాలంటే మాత్రం క్రొమటోగ్రఫీ కావాలి.

అపోహ: ఓఆర్ఎస్‌లో సిట్రేట్ పులుపు కోసం వేస్తారు.

వాస్తవం: పులుపు సిట్రిక్ ఆమ్లానిది. ఇక్కడ వేసేది దాని సోడియం లవణం. విరేచనాల వల్ల రక్తంలో పెరిగే ఆమ్లత్వాన్ని సరిచేయడం దాని పని. ఒకప్పుడు బైకార్బొనేట్ వాడేవారు, సిట్రేట్ వేశాక ప్యాకెట్ ఎక్కువకాలం నిలుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ ఉంటుంది. అందులో సిట్రేట్ వాటా సుమారు 1.86 గ్రాములే, ఎందుకంటే 294.1 అణుభారంలో సిట్రేట్‌ది 189.1. ఈ లెక్క మరిచి, 64 శాతమే వచ్చిందని ఓఓఎస్ (ఫలితం పరిమితి దాటిందన్న విచారణ) తెరిచేవాళ్లున్నారు. స్టాండర్డ్‌గా వాడిన సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేటా, నీరులేనిదా అన్నది కూడా సీసా మీద చూడండి: వాటి అణుభారాలు 210.14, 192.12 మధ్య తేడా ఎనిమిది శాతం పైనే.