పందికొక్కు పేరు సముద్రం దాటిందర్రా

నరసాపురం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య దీవెనలు.

‘బాండికూట్’ ఏ భాష మాట అని అడిగారు కదా. మన తెలుగేనర్రా. పందికొక్కు! కొక్కు అంటే పెద్ద ఎలుక. దీని వెంట్రుకలు ముతక, కోపమొస్తే పందిలా గుర్రుమంటుంది. పేరు అతికినట్టు సరిపోయింది.

ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలెట్టారు. తర్వాత మన పక్కనున్న మాధవాయపాలెం కూడా వచ్చారు. ఆ ఊరి పేరే ‘మడపొల్లం’ అయి, ఒకరకం నూలు బట్టకి ఇంగ్లీషులో నిలిచిపోయింది. ఊరినే అలా చేసినవాళ్లు కొక్కుని వదులుతారా? పకారాన్ని బకారం చేసి, చివర టకారం తగిలించారు.

1873లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త ఈ జాతికి ‘బాండికోటా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. మన చేలగట్లు తొలిచేదాని పూర్తి పేరు బాండికోటా బెంగాలెన్సిస్. తవ్వేది మన గట్టు, పేరు మన తెలుగు, ఊరు మాత్రం బెంగాలు! కోతలయ్యాక దాని కన్నం తవ్వితే వరి వెన్నులు కుప్పగా బయటపడతాయి. ఎలకలు పట్టేవాళ్లు ఆ ధాన్యం ఏరుకుంటారు.

ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు అక్కడ మూతి సాగిన ఒక జంతువుని చూసి, దానికీ బాండికూట్ అనే పేరు పెట్టేశారు. అది ఎలుకే కాదు. కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. సంచి మూతి వెనక్కి ఉంటుంది, నేల తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. వాటిలో కొన్ని రకాలు పన్నెండు రోజులకే ఈనేస్తాయి. చుట్టరికం ఏమీ లేదు, తవ్వే బుద్ధి ఒక్కటే కలిసింది.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు దొంగిలించడాన్ని ఆస్ట్రేలియావాళ్లు ‘బాండికూట్ చేయడం’ అంటారు. మన పందికొక్కు చేసే పనీ అదేగా!

2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబో ఒకటి పనిలోకి దిగింది. మలయాళంలో పందికొక్కుని పెరుచ్చాళి అంటారు. రోబోకి మాత్రం బాండికూట్ అనే పెట్టుకున్నారు, ఇంగ్లీషు మాటనుకునే కాబోలు.

ఇట్లు,
మీ తాతయ్య