వాసన తెలిసింది సరే, ఎటు నుంచి?

హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లలోంచి రెక్కల పురుగు బయటికి రావడమంటూ దాదాపు ఉండదు. అది గూటికి రంధ్రం చేసుకుని వస్తే దారం పాడవుతుంది కనుక ప్యూపాను (గూటిలో రెక్కల పురుగుగా మారుతున్న దశను) లోపలే వేడితో చంపేస్తారు. బయటపడే అదృష్టం విత్తనానికి, అంటే గుడ్ల కోసం ఉంచిన గూళ్లలోని పురుగులకే. అలా వచ్చిన మగపురుగుకు తినడానికి పనికొచ్చే నోరుండదు, రెక్కలున్నా ఎగరలేదు. బతికేది వారం, పది రోజులు. ఈలోపు ఆడపురుగును వెతుక్కోవాలి.

ఆడపురుగు ఉన్నచోటే ఉండి, పొట్ట చివరి గ్రంథిని ఉబ్బించి ఒక పదార్థాన్ని గాలిలోకి వదులుతుంది. అదేమిటో తేల్చడానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ బృందానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. సుమారు 5 లక్షల ఆడపురుగుల గ్రంథులు పోగుచేస్తే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. 1959లో లోకానికి తెలిసిన ఆ పదార్థమే బాంబికాల్, గుర్తించిన తొలి కీటక ఫెరోమోన్, అంటే సాటి పురుగులకు కబురందించే రసాయనం.

మగపురుగుకు కొమ్మలు కొమ్మలుగా చీలిన రెండు స్పర్శశృంగాలే ముక్కు. ఒక్కోదానిపై సుమారు 17 వేల పొడవాటి రోమాలు, వాటి గోడల నిండా సూక్ష్మరంధ్రాలు. లోపలికి దూరిన అణువును అక్కడి ద్రవంలోని ఒక ప్రొటీన్ పట్టుకుని నాడీకణం దాకా చేరుస్తుంది. పని అయ్యాక ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. లేకుంటే పాత వాసనే ఇంకా వస్తున్నట్టుంటుంది. 1950లలో జర్మన్ శాస్త్రవేత్త డీట్రిష్ ష్నైడర్ శృంగానికి ఎలక్ట్రోడ్లు పెట్టి, వాసనకు అందులో పుట్టే విద్యుత్ స్పందనను కొలిచాడు. ఆడపురుగు శృంగంలో మాత్రం బాంబికాల్‌కు ఉలుకూ పలుకూ లేదు. తను వదిలే వాసన తనకే తెలియదన్నమాట. మగపురుగు నాడీకణానికైతే ఒక్క అణువు తగిలినా చాలని తర్వాత తేలింది.

ఈ ఒక్క అణువు సంగతినే అందరూ వింతగా చెబుతారు. నా మటుకు అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. గాలిలో వాసన అగరొత్తి పొగలా పాయలు పాయలుగా తెగి, సుడులు తిరుగుతూ వస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఘాటు పెరుగుతుందిలే అని నమ్ముకుంటే దారి తప్పడమే. మగపురుగు ఆ లెక్కల జోలికి పోదు. పాయ తగలగానే నేరుగా ముందుకు నడుస్తుంది. తప్పిపోతే వంకరటింకరగా అటూ ఇటూ వెతుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఇంకో పాయ తగిలిందా, మళ్లీ మొదటికి. అంతసేపూ రెక్కలు టపటపలాడుతూనే ఉంటాయి. ఎగరడానికి కొరగాని ఆ రెక్కలే ముందున్న గాలిని శృంగాల మీదికి లాగుతాయి. టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు మగపురుగును చిన్న బంతిపై నడిపించి, ఆ అడుగులతోనే ఒక చక్రాల బండిని తోలించారు. బండి వాసన ఉన్నచోటికి చేరింది.

మన పత్తి చేలల్లో పెట్టే లింగాకర్షక బుట్టలకూ మగపురుగుల ఈ వెతుకులాటే ఆధారం. గులాబీరంగు పురుగు ఆడవాసనను పోలిన ఎర అందులో ఉంటుంది. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పురుగులు పడితే మందు కొట్టే వేళయినట్టే. అయితే పడేవన్నీ మగవే, గుడ్లు పెట్టేవి చేనులోనే ఉంటాయి. అందుకే చేనంతా ఆ వాసనే పరిచే పద్ధతీ ఉంది. మగపురుగు దొంగ వాసనల వెంట తిరిగి తిరిగి అసలుదాన్ని చేరలేదు, జత కుదరదు. ఒక్క రైతు, ఒక్క ఎకరంలో చేస్తే మాత్రం లాభం తక్కువ. పక్క చేనులో జతకట్టిన ఆడపురుగు ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెట్టిపోతుంది.