గుండీ పెట్టుకోవడం వస్తే శాతం తగ్గుతుంది: సదరం వివాదం వెనుక 2018 నాటి కొలమానం

దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన మళ్ళీ చర్చకు రావడంతో, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలకు అందవలసిన సాయం ఏమిటన్న ప్రశ్న కూడా దానితోపాటే పైకి వచ్చింది. అనర్హులు దొంగ ధ్రువపత్రాలతో జాబితాలో చేరారని, నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తున్నప్పుడు వడపోత తప్పదని ప్రభుత్వం అంటోంది. ఆ మాటలో నిజం లేదనలేము. వైకల్య శాతాన్ని తేల్చి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ వైద్య పరీక్షే సదరం. 2025లో జరిపిన పునఃపరీక్షల్లో వైకల్యం పింఛనుకు కావలసిన 40 శాతం కంటే తక్కువ తేలినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్ళాయి. నిరసనల తరువాత అప్పీలుకు అవకాశం ఇచ్చారు. అయితే కాలు లేని మనిషి శాతం ఏ ఆసుపత్రిలో కొలిచినా పెద్దగా మారదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి బుద్ధి వికాసాన్ని ఒక పూటలో తేల్చి అంకె వేయడం వేరే సంగతి. ఆ అంకె ఎలా పుడుతుందో తెలియాలంటే 2018 జనవరి 4న కేంద్రం ప్రకటించిన మదింపు మార్గదర్శకాలను చూడాలి; 2024 మార్చిలో వాటి స్థానంలో కొత్తవి వచ్చినా, ఈ కొలమానం మూలం అక్కడే ఉంది.

1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది, అందులో డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) వంటి అభ్యసన వైకల్యాలకు చోటు లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, వాటినీ ఆటిజాన్నీ చేర్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. తల్లిదండ్రులకు అది పెద్ద ఊరటే. కానీ చట్టం ఇచ్చిన గుర్తింపు చేతికి అందాలంటే శాతం కావాలి, ఆ శాతాన్ని నిర్ణయించేది మార్గదర్శకాలు.

2018 మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్యాన్ని వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి కొలమానంతో లెక్కగట్టాలి. అందులో 55 నుంచి 69 మధ్య వస్తే స్వల్ప వైకల్యం, అంటే 50 శాతం. 70 నుంచి 84 మధ్య వస్తే సరిహద్దు స్థాయి, అంటే 25 శాతం. 69కీ 70కీ మధ్య ఉన్న ఒక్క పాయింటు పింఛనును నిలబెట్టగలదు, పోగొట్టగలదు. ఈ పరీక్షలో పిల్లవాడి కంటే ఎక్కువగా జవాబు చెప్పేది తల్లే. బిడ్డ తనంతట తాను తింటాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, వీధి చివరి అంగడికి వెళ్ళి చిన్న వస్తువు కొనుక్కొస్తాడా అని అడుగుతారు. ఏళ్ళ తరబడి నేర్పించి నేర్పించి, చివరికి గుండీలు పెట్టుకుంటున్నాడని సంతోషంగా చెప్పే ప్రతి అవునూ స్కోరును పెంచుతుంది, శాతాన్ని తగ్గిస్తుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండల కేంద్రంలో నడిచే భవిత కేంద్రంలో నేర్పేదీ ఈ రోజువారీ పనులే. అంటే ఒక శాఖ నేర్పినదాన్ని మరో శాఖ అనర్హతగా లెక్కిస్తోంది. ప్రభుత్వ వివరణలో ఈ సంగతి ఎక్కడా కనపడదు, కుటుంబాల ఆవేదనకు మాత్రం ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. పైగా 2018 మార్గదర్శకాలే మేధో వైకల్య ధ్రువపత్రాన్ని 5, 10, 18 ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలన్నాయి కాబట్టి, పునఃపరిశీలన అన్నది ఈ ఇళ్ళకు 2025లో కొత్తగా వచ్చినదేమీ కాదు.

2018 మార్గదర్శకాల్లో అభ్యసన వైకల్యం దారి ఇంకో రకం. మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ళ వయసులో ఉపాధ్యాయుడు గుర్తించాలి, వైద్యుడు చూపూ వినికిడీ పరీక్షించాలి, మనస్తత్వ నిపుణుడు తెలివితేటల పరీక్ష చేయాలి. ఆ పరీక్షలో 85 దాటితేనే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన అభ్యసన వైకల్య పరీక్షల వరకూ వెళ్ళనిస్తామని 2018 నియమం చెప్పింది. ధ్రువపత్రం వచ్చినా 14 ఏళ్ళకూ 18 ఏళ్ళకూ మళ్ళీ హాజరు కావాలని కూడా అంది. ఆ లెక్కన 70కీ 85కీ మధ్య ఉన్న బిడ్డ ఒక వైపు 25 శాతంతో ఆగిపోతాడు, మరో వైపు అర్హత పరీక్షకే నోచుకోడు. పది పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలకు పత్రం అడిగినప్పుడు ఆ తల్లి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. నగరి, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్ళలో తమిళం, కుప్పం వైపు కన్నడం, తమిళం మాట్లాడతారు. పిల్లవాడేమో తెలుగులోనో ఇంగ్లీషులోనో చదవాలి. చదవలేకపోవడం భాష వల్లనా, వైకల్యం వల్లనా అన్నది తేల్చడానికి ఓపిక, సమయం, అనుభవం కావాలి; కిక్కిరిసిన సదరం శిబిరంలో అవి దొరకవు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోయాక, ఉమ్మడి జిల్లాకంతటికీ పెద్దదిక్కుగా ఉన్న రుయా ఆసుపత్రి తిరుపతి జిల్లాలో ఉండిపోయింది. సచివాలయంలో స్లాటు బుక్ చేసుకుని, కూలి మానుకుని, బస్సులు మారి బిడ్డను తీసుకెళ్ళే తల్లికి ఒక్క రోజు పరీక్షలో వచ్చిన అంకెను మళ్ళీ సరిచేయించుకోవడం ఎంత కష్టమో నోటీసు పంపిన కార్యాలయాలు ఆలోచించి ఉండవలసింది.

బిడ్డను రోజూ చూసేది శాతం తేల్చే వైద్య బోర్డు కాదు, భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులు. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో వీళ్ళు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదనే నెట్టుకొస్తున్నారు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆ పైతరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2022 సెప్టెంబరులో కేంద్రం నోటిఫై చేసింది. ఆ మేరకు పోస్టులు సృష్టించి భర్తీ చేయాలని 2025 మార్చి 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తరువాత మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఇది మంచి అడుగే. అయితే ఏళ్ళ తరబడి బిడ్డ ఎదుగుదలను రాసుకుంటూ వచ్చిన ఆ ఉపాధ్యాయుల నమోదులు అప్పీలు విచారణలో వైద్యుల బల్ల మీద ఉండాలి. పరీక్ష ఒక పూటతో ముగించకుండా, ఇంటి భాష తెలిసిన నిపుణుడితో రెండోసారి కూడా చేయాలి. 70కీ 85కీ మధ్య వచ్చిన పిల్లలకు పింఛను ఇవ్వకపోయినా బడిలో ఇచ్చే సాయం ఆపకూడదు. ఈ మూడింటిలో మొదటిదానికీ చివరిదానికీ చట్టం మారనక్కరలేదు, జిల్లా స్థాయిలో ఒక ఉత్తర్వు చాలు.